దర్వాజా వద్ద నకలు

చేతిలోని ఫోనులో ఒక ప్రశ్న వేస్తే రెప్పపాటులో జవాబు వస్తున్న కాలం ఇది. ఫలితాలు వచ్చినవా, తరువాతి రైలు ఎప్పుడు, స్కాలర్‌షిప్ దరఖాస్తు ఏ బల్ల మీద ఆగినది – ఇట్టి ప్రశ్నలు మన విద్యార్థులు చైతన్యపురి మెట్రో స్టేషను మెట్లు దిగుతూనే వేస్తూ ఉంటారు. వచ్చిన జవాబు నిజమా, అబద్ధమా అని మాత్రం చూస్తారు. అది ఏ గడియ నాటి జవాబు అని అడిగేవారు అరుదు. పోయిన సంవత్సరపు రైల్వే టైంటేబుల్‌లో ఒక్క అబద్ధం కూడా ఉండదు. అయినను దానిని నమ్మి స్టేషనుకు పోయినవానికి బండి దొరకదు.

ఫోనులో కనబడే జవాబు పాతబడడం ఎక్కడ జరుగుతుంది, ఎంత పాతది కావచ్చునో ఎవరు నిర్ణయిస్తారు, ఆ నిర్ణయం వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం – ఈ సంగతులను వివరించడం ఈ వ్యాసపు ఉద్దేశం. సాంకేతికులు దీనిని ఎ.పి.ఐ. గేట్‌వేలోని క్యాష్ అమరిక అంటారు. తెలుగు పాఠం చెప్పేవారికి ఈ గొడవ ఎందుకని కొందరు విద్యార్థులు నవ్వుకొనవచ్చును. కాని మన పిల్లలు ఎందరో డిగ్రీ కాగానే దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ సంస్థలలో చేరి, ఈ అమరికల ఇంగ్లీషు పేర్లను కంఠస్థం చేయబోయేవారే. తెలిసిన భాషలో అర్థం ముందుగా పట్టుబడితే ఆ పేర్లు వారిని అంతగా భయపెట్టవని మా నమ్మకం.

ఎ.పి.ఐ. అన్నది ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును పని అడగడానికి ఏర్పరచుకొన్న మర్యాద. ఉర్దూలో అదబ్ అన్న మాట దీనికి బాగా సరిపోతుంది. ఏ మాటతో పలకరించాలి, ఏ వరుసలో వివరాలు ఇవ్వాలి, జవాబు ఏ రూపంలో వస్తుంది అన్న నియమాలన్నీ అందులో ఉంటాయి. ఒక సంస్థలో ఇట్టి సేవలు పదో ఇరవయ్యో ఉన్నప్పుడు, అడిగేవారందరూ తలొక దారిన లోపలికి రాకుండా, ముందు ఒకే దర్వాజా పెడతారు. అదే గేట్‌వే.

పాత తహసీలు కచేరీని తలచుకొంటే ఇది సులభంగా బోధపడుతుంది. దర్వాజా దగ్గర ఒక గుమాస్తా కూర్చుంటాడు. వచ్చినవాడు ఎవరో విచారిస్తాడు, ఒకే మనిషి గంటకు పదిసార్లు వచ్చి విసిగిస్తే ఆపుతాడు, ఎవరి పనిని ఏ విభాగానికి పంపాలో చూసి పంపుతాడు. రికార్డు గది మాత్రం లోపల ఎక్కడో ఉన్నది. ప్రతి మనిషి కోసం రికార్డు గది దాకా పోయి, దస్తావేజు వెదకి, తెచ్చి చూపడం పెద్ద శ్రమ. ఒకే దస్తావేజు కోసం పొద్దుటి నుంచి నూరుమంది వస్తున్నారని గమనించిన గుమాస్తా ఏమి చేస్తాడు? దానికి ఒక నకలు తీసి తన బల్ల సొరుగులో పెట్టుకొంటాడు. నూట ఒకటవ మనిషి అడగగానే సొరుగు తీసి చూపుతాడు. ఆ సొరుగే క్యాష్.

ఈ ఇంగ్లీషు మాట దాచిపెట్టడం అన్న అర్థం గల ఫ్రెంచి క్రియ నుంచి వచ్చినది. తరచుగా కావలసిన సమాచారాన్ని చిన్నదైన వేగపు స్మృతిలో దగ్గరగా ఉంచుకొనవచ్చునని బ్రిటిషు శాస్త్రజ్ఞుడు మారిస్ విల్క్స్ 1965లో రాసినారు. ఆయన దానికి పెట్టిన పేరు ‘బానిస స్మృతి’. 1968లో ఐ.బి.ఎం. సంస్థ తన సిస్టమ్ 360 మోడల్ 85 యంత్రాన్ని వర్ణిస్తూ క్యాష్ అన్న మాట వాడినది, అదే స్థిరపడినది. తెలుగులో క్యాష్ అనగానే నగదు అని పొరపడే ప్రమాదం ఉన్నందువల్ల, ఈ వ్యాసంలో దానిని నిల్వ అనీ, నిల్వలోని ప్రతిని నకలు అనీ వ్యవహరిస్తాము. నకలు అన్నది అరబ్బీ మాట. ఉర్దూ ద్వారా రెవెన్యూ కచేరీలలో ప్రవేశించి తెలుగు మాటే అయిపోయినది. అప్పుడే తెచ్చినదానికి వాడే తాజా అన్న మాట పారశీకం. పాతబడినదానికి మాత్రం మనకు చద్ది అన్న చక్కని తెలుగు మాట ఉన్నది. చద్దన్నం చెడ్డది కాదు, ఎండలలో చలవ చేస్తుంది కూడా. అయితే అది చద్ది అని తెలిసి తినాలి.

ఇట్టి చద్ది జవాబు దేశమంతటి ప్రజలకు ఎదురైన సందర్భం ఒకటి ఉన్నది. మన విద్యార్థులలో చాలామందికి అది గుర్తు ఉండి ఉంటుంది.

2021 జనవరి 16న మన దేశంలో కొవిడ్ టీకాలు మొదలైనవి. 18 ఏండ్లు దాటిన వారందరికీ కొవిన్ పోర్టల్‌లో నమోదు ఆ సంవత్సరం ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు తెరిచినారు. ఆ ఒక్కనాడే కోటికి పైగా జనం నమోదు చేసుకొన్నారు. తొలి నిమిషాలలో చాలామందికి పోర్టల్ తెరుచుకొననే లేదు. నమోదు అయినంత మాత్రాన టీకా దొరకదు. ఏ కేంద్రంలో, ఏ తేదీన, ఎన్ని ఖాళీలు ఉన్నవో చూసి సమయం ఎంచుకొనాలి. ఈ ఖాళీల సమాచారాన్ని ఇతర ప్రోగ్రాములు కూడా అడిగి తెలుసుకొనేందుకు, కేంద్ర ప్రభుత్వపు ఎ.పి.ఐ. సేతు వేదిక మీద కొవిన్ ఎ.పి.ఐ.లను బహిరంగంగా ఉంచినారు. పిన్‌కోడు, తేదీ ఇస్తే ఆ ప్రాంతపు కేంద్రాల జాబితా వస్తుంది. జిల్లా సంఖ్య, తేదీ ఇచ్చినా వస్తుంది. ప్రోగ్రామింగ్ తెలిసిన యువకులు ఎందరో దీనిని ఆధారం చేసుకొని, ఖాళీ కనబడగానే సందేశం పంపే సాధనాలు తయారు చేసినారు.

2021 మే నెల తొలి వారంలో ఆ ఎ.పి.ఐ. పత్రంలో రెండు షరతులు కనిపించినవి. ఖాళీల సమాచారం నిల్వ నుంచి వస్తుంది కనుక అది 30 నిమిషాల వరకు పాతదై ఉండవచ్చును అన్నది ఒకటి. ఒక ఇంటర్నెట్ చిరునామా నుంచి 5 నిమిషాలకు 100 ప్రశ్నలు మించరాదు అన్నది రెండవది.

ఆ 30 నిమిషాలు ఎట్లా పని చేస్తాయో చైతన్యపురి పిన్‌కోడు 500060తో లెక్క వేసి చూద్దాము. ఉదయం 10 గంటలకు ఎవరో ఈ పిన్‌కోడుతో ప్రశ్న వేసినారు. ఖాళీలు లేవు. ‘లేవు’ అన్న జవాబు నకలుగా సొరుగులోకి పోయినది. 10 గంటల 3 నిమిషాలకు ఒక ఆసుపత్రి 50 ఖాళీలు విడుదల చేసినది. 10 గంటల 6 నిమిషాలకు అవి అయిపోయినవి. ఈ మధ్య ఆ ఎ.పి.ఐ.ని అడిగిన ప్రతి ప్రోగ్రాముకూ, పదిన్నర దాకా అడుగుతూనే ఉన్నవానికీ, ‘లేవు’ అన్న జవాబే. తారుమారుగా కూడా జరుగుతుంది. 10 గంటల 4 నిమిషాలకు తీసిన నకలు అయితే 50 ఖాళీలు చూపుతూ, అవి అయిపోయిన తరువాత కూడా దాదాపు అరగంట సేపు జనాన్ని పరుగెత్తిస్తుంది. మొదటి సందర్భంలో ఉన్నది కనబడలేదు; రెండవ సందర్భంలో లేనిది కనబడినది. నిల్వ చేసే మోసాలు ఈ రెండే. గడువు ఎంత పెంచితే రెండూ అంత పెరుగుతాయి.

ఆ గడువు పెట్టినవారిని తప్పు పట్టాలా? అంత తేలికగా పట్టలేము. వేల ప్రోగ్రాములు క్షణానికొకసారి ఖాళీ ఉన్నదా, ఖాళీ ఉన్నదా అని లోపలి యంత్రాలను తడితే, అసలైన నమోదు పని చేయవలసిన యంత్రాలకు ఊపిరి ఆడదు. అంతేకాక, ప్రోగ్రాము రాయగలవాడు క్షణంలో ఖాళీని తన్నుకొనిపోతుంటే, రాయలేని కూలివానికీ, ఇంట్లో ఒక్కటే ఫోను ఉన్న కుటుంబానికీ మిగిలేది ఏమిటి? అరగంట గడువు ఆ సాధనాల పదునును మొద్దుబరచినది. ఉద్దేశపూర్వకంగా చేసినా, భారం తగ్గించడానికి చేసినా ఫలితం అదే. కాని ఫోనే లేనివానికి నకలు అరగంటదైనా ఒకటే, అర నిమిషానిదైనా ఒకటే. 2021 మే 24న ప్రభుత్వ టీకా కేంద్రాలలో 18–44 ఏండ్ల వారికి అక్కడికక్కడే నమోదుకు వీలు కల్పించినారు. మే 31 నాటి ఉత్తర్వులో సుప్రీం కోర్టు, ఇంటర్నెట్ అందుబాటులో లేనివారు ఈ పద్ధతి వల్ల వెనుకబడిపోయే ప్రమాదాన్ని ఎత్తి చూపినది. ఈ ఉదంతంలో మాకు మెచ్చదగినదిగా తోచినది ఒకటే: ఇచ్చే సమాచారం అరగంట పాతది కావచ్చునని పత్రంలో బాహాటంగా రాసిపెట్టడం. నకలుకు ఎంత వయస్సో చెప్పకుండా తాజా అని చూపే సేవలు దీనికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇక అమరికలలోకి పోదాము. ఉదాహరణకు అమెజాన్ వారి ఎ.పి.ఐ. గేట్‌వే తీసుకొంటాము; మన విద్యార్థులకు ఉద్యోగాలలో ఎక్కువగా తటస్థపడేది అది. పైగా 2022 నవంబరు నుంచి ఆ సంస్థకు హైదరాబాదు పేరుతోనే ఒక కేంద్ర ప్రాంతం ఏర్పడినది. అందులో రెస్ట్ రకపు ఎ.పి.ఐ.లకు నిల్వ సదుపాయం ఉన్నది, హెచ్.టి.టి.పి. రకం అని వారు చవకగా ఇచ్చే మరొక దానికి లేదు. ఈ తేడా తెలియక రెండవది ఎంచుకొని, తరువాత నిల్వ మీట కోసం వెదకేవారు ఉంటారు.

నిల్వను తెరిచినప్పుడు మనం ఏమీ చెప్పకపోతే గడువు 300 సెకన్లు, అనగా 5 నిమిషాలు. గరిష్ఠంగా 3600 సెకన్ల దాకా పెంచవచ్చును. సున్నా పెడితే నిల్వ లేనట్టే. కాంగ్ అనే మరొక గేట్‌వే నిల్వ సాధనంలో కూడా ముందుగా ఉండే గడువు 300 సెకన్లే. ఈ సంఖ్యను మన అవసరం చూసి ఎవరూ ఎంచలేదు. ఏదో ఒకటి ఉండాలి కనుక పెట్టినారు. అయినను లోకంలోని సేవలు లెక్కలేనన్ని ఆ 300ను అట్లాగే వదిలేసి నడుస్తున్నవి.

ఒక చిన్న లెక్క చేస్తే ఈ వదిలివేత ఎంత అనవసరమో తెలుస్తుంది. ఫలితాల రోజున ఒకే పేజీని నిమిషానికి 3,000 సార్లు అడుగుతున్నారనుకొందాము. 5 నిమిషాలలో 15,000 ప్రశ్నలు. నిల్వ లేకపోతే 15,000 సార్లూ రికార్డు గదికి పోవాలి. గడువు 300 సెకన్లు పెడితే 1 సారి పోతే చాలును. మరి గడువు 10 సెకన్లు మాత్రమే పెడితే? 30 సార్లు పోవాలి. 15,000 మోయలేని యంత్రానికి 30 ఒక లెక్కా? 1కీ 30కీ మధ్య తేడా లోపలి యంత్రానికి తెలియను కూడా తెలియదు. అడిగేవానికి మాత్రం పది సెకన్ల పాతకూ అయిదు నిమిషాల పాతకూ మధ్య తేడా చాలా ఉన్నది. అందువల్ల రద్దీ ఎక్కువగా ఉన్న చోట గడువు తగ్గించడానికి భయపడనక్కరలేదు. రద్దీ ఎంత ఎక్కువైతే చిన్న గడువుతోనే అంత లాభం. కొవిన్ వంటి మహా రద్దీకి అరగంట గడువు లోపలి భారం కోసమే అయితే అవసరం లేదని మేము అనుకొనడానికి ఈ లెక్కే కారణం.

ఇందులో ఒక మెలిక ఉన్నది. గడువు తీరిన క్షణంలోనే వందమంది అడిగితే, కొత్త నకలు వచ్చేలోగా ఆ వందమందినీ గుమాస్తా లోపలికి వదలవచ్చును. దీనికి విరుగుడు కొన్ని సాధనాలలో ఉన్నది. ఎంజిన్-ఎక్స్ వంటి వాటిలో, ఒకడు లోపలికి పోయి వచ్చేదాకా మిగిలినవారిని ఆపే మీట ఉన్నది; ఆ లోగా పాత నకలునే చూపే మీట కూడా ఉన్నది.

గడువు ఎంత ఉండాలన్నది సమాచారపు స్వభావాన్ని బట్టి ఉంటుంది. మన కళాశాల పాఠకులకు అందరికీ తెలిసిన ఉదాహరణ చెబుతాము. ఒక ఊరిలో ఫలానా తేదీన నమాజు వేళలు సూర్యగతిని బట్టి లెక్క కట్టినవి. ఫజర్ ఎప్పుడు, మగ్రిబ్ ఎప్పుడు అన్నది ఏడాది ముందే చెప్పవచ్చును. అట్టి జవాబును గేట్‌వే అనుమతించే గంట గడువు పూర్తిగా పెట్టి దాచినా ఎవరికీ నష్టం లేదు. రంజాన్ 29వ నాటి సాయంత్రం మాట వేరు. నెలవంక కనబడినదా, రేపు ఈదా అన్నది లెక్కతో తేలదు. రుయతె హిలాల్ కమిటీ సాక్ష్యాలు విచారించి ప్రకటించాలి. ఆ సాయంత్రం ‘ఇంకా ప్రకటన రాలేదు’ అన్న జవాబును అయిదు నిమిషాలు దాచిన యాప్, చార్మినార్ దగ్గర టపాకులు పేలుతున్నా రాలేదనే చెబుతూ కూర్చుంటుంది. ఒకే యాప్, ఒకే మతపు క్యాలెండరు, రెండు ప్రశ్నలు. గడువులు మాత్రం ఒకటి కారాదు. గేట్‌వేలో మొత్తం దశకు ఒక గడువు పెట్టి, అవసరమైన పద్ధతులకు వేరుగా మార్చుకొనే వీలు ఉన్నది ఇందుకే.

పరీక్షా ఫలితాలలోనూ ఇదే ఇబ్బంది. విడుదల అయిన తరువాత ఫలితాలు మారవు కనుక దాచడానికి అంత అనువైన సమాచారం మరొకటి లేదు. కాని విడుదల 4 గంటలకు అయితే, 3 గంటల 59 నిమిషాలకు ఆత్రపడి అడిగినవానికి ‘ఇంకా విడుదల కాలేదు’ అని జవాబు వస్తుంది. ఆ జవాబు కూడా నకలు అవుతుంది. 300 సెకన్ల గడువుతో, 4 గంటల 3 నిమిషాలకు అడిగిన బుద్ధిమంతుడు కూడా అదే చద్ది జవాబు చూస్తాడు. ఉన్నదాన్ని ఎంత సేపు దాచాలో అందరూ ఆలోచిస్తారు. లేదు అన్న మాటను ఎంత సేపు దాచాలో ఆలోచించేవారు తక్కువ.

సామాన్యంగా గేట్‌వే అడిగి తెలుసుకొనే ప్రశ్నలకు మాత్రమే నకళ్ళు తీస్తుంది. ఫీజు కట్టడం, దరఖాస్తు పంపడం, పేరు దిద్దడం వంటి పనులకు తీయదు. ఫీజు కట్టినవాని రసీదునే తరువాతివానికి చూపితే ఎంత గందరగోళమో చెప్పనక్కరలేదు.

గడువు తప్పితే జవాబు పాతబడుతుంది, అంతే. దానికన్నా భయంకరమైన తప్పు మరొకటి ఉన్నది. అది సొరుగులోని నకలుకు అతికించే చీటీకి సంబంధించినది. దీనిని సాంకేతికులు క్యాష్ కీ అంటారు.

గుమాస్తా చీటీ మీద ‘టీకా కేంద్రాల జాబితా’ అని మాత్రమే రాసినాడనుకొనండి. మలక్‌పేట మనిషి వచ్చి హైదరాబాదు జిల్లా జాబితా అడుగుతాడు. గుమాస్తా లోపలి నుంచి తెచ్చి చూపి, నకలు సొరుగులో పెడతాడు. తరువాత చైతన్యపురి మనిషి వస్తాడు. మలక్‌పేట నుంచి ఒకే మెట్రో మార్గం మీద నాలుగవ స్టేషను చైతన్యపురి. కాని మలక్‌పేట హైదరాబాదు జిల్లా. చైతన్యపురి రంగారెడ్డి జిల్లా, సరూర్‌నగర్ మండలం. గుమాస్తా చీటీలో జిల్లా పేరు లేదు. మలక్‌పేటవాని నకలునే చైతన్యపురివాని చేతిలో పెడతాడు. జవాబు తాజాగానే ఉన్నది. కాని అది వేరొకరి ప్రశ్నకు జవాబు.

అమెజాన్ గేట్‌వేలో ఇది ఊహామాత్రం కాదు. చిరునామా చివర ప్రశ్నార్థకం తరువాత వచ్చే పిన్‌కోడు, జిల్లా, తేదీ వంటి వివరాలను మనం ప్రత్యేకంగా గుర్తు పెడితేనే చీటీలో చేరుతాయి. పెట్టకపోతే చేరవు. మన వంటి కళాశాలకు ఇందులో మరొక సంగతి ఉన్నది. ఒకే చిరునామా నుంచి, అడిగినవారి ఫోను భాషను బట్టి ఉర్దూలోనో తెలుగులోనో జవాబు ఇచ్చే సేవ తయారు చేసినామనుకొందాము. భాషను తెలిపే శీర్షిక చీటీలో లేకపోతే, ముందు ఉర్దూ విద్యార్థి అడిగితే అయిదు నిమిషాల సేపు అందరికీ ఉర్దూయే. ముందు తెలుగు విద్యార్థి అడిగితే అందరికీ తెలుగే. అట్లాగని కనబడిన ప్రతి వివరమూ చీటీలో చేరిస్తే, ఏ రెండు చీటీలూ కలియవు. సొరుగు నిండుతుంది గాని ఒక్క నకలూ రెండవసారి అక్కరకు రాదు.

వ్యక్తిగత సమాచారం విషయంలో ఈ తప్పు ప్రాణాంతకం. ‘నా మార్కులు’ అన్న చిరునామా అందరికీ ఒకటే. అడిగినవాడు ఎవరన్నది చిరునామాలో కాక, గుర్తింపు శీర్షికలో రహస్యంగా వెళుతుంది. ఆ శీర్షిక చీటీలో లేకుండా నిల్వ తెరిస్తే, మొదట అడిగిన అమ్మాయి మార్కులు, ఆమె తండ్రి పేరు, ఫోను నంబరు, తరువాత అడిగిన ప్రతివానికీ కనబడుతాయి. దొంగ ఎవరూ లేరు, తాళం ఎవరూ పగలగొట్టలేదు. దర్వాజాయే పంచిపెట్టినది. 2015 డిసెంబరు 25న వాల్వ్ అనే సంస్థ నడిపే స్టీమ్ ఆటల దుకాణంలో ఇట్టిదే జరిగినది. శత్రువులు సృష్టించిన రద్దీని తట్టుకొనడానికి వారి నిల్వ భాగస్వామి హడావుడిగా కొత్త అమరిక పెట్టగా, అది లోపభూయిష్టమై, ఒకరి పేజీలు మరొకరికి కనబడినవి. దాదాపు 34,000 మంది పేజీలు ఇతరుల కంటపడి ఉండవచ్చునని ఆ సంస్థే ప్రకటించినది. ఇళ్ళ చిరునామాలు, కొనుగోలు వివరాలు అందులో ఉన్నవి. ఇది గంటన్నర పాటు జరిగినది. రద్దీ నుంచి కాపాడడానికి పెట్టిన నిల్వయే హాని చేసినది.

అందువల్ల ఒక వ్యక్తికి మాత్రమే చెందిన జవాబును దర్వాజా వద్ద అసలు దాచకపోవడమే మేలని మా అభిప్రాయం. చీటీ సరిగా రాస్తే దాచవచ్చును కదా అని నిపుణులు వాదిస్తారు. వాదం సరైనదే. కాని లాభం ఎంత? ఒక్కొక్కరి మార్కులు ఒక్కొక్కరే అడుగుతారు. రెండవసారి ఆ నకలు ఎవరికి కావాలి? మిగిలేది స్వల్పమైన లాభం, మూటెడు ప్రమాదం.

నకలును గడువుకు ముందే కొట్టివేయించడం మరొక అమరిక. అడిగేవాని ప్రోగ్రాము తన ప్రశ్నతో పాటు ‘నాకు సున్నా సెకన్ల వయస్సు గల జవాబే కావాలి’ అన్న అర్థం గల శీర్షిక పంపితే, గేట్‌వే ఆ నకలును పారవేసి లోపలికి పోయి తాజాది తెస్తుంది. ఈ అధికారం ఎవరికి ఉండాలి? మనం ప్రత్యేకంగా అనుమతి పద్ధతి ఏర్పరచకపోతే, అమెజాన్ గేట్‌వేలో ఈ అధికారం అడిగిన ప్రతివానికీ ఉంటుంది. ఆకతాయి ఒకడు క్షణక్షణం ఆ శీర్షిక పంపుతూ పోతే, నిల్వ ఉండి కూడా లేనట్టే. అనుమతి లేనివాడు అట్లా అడిగితే తిరస్కరించాలా, లేక మాట్లాడకుండా నకలే ఇచ్చి పంపాలా, హెచ్చరిక జోడించి ఇవ్వాలా అని ఎంచుకొనే మీటలు కూడా ఉన్నవి.

గుర్తింపును పరిశీలించిన ఫలితాన్ని కూడా గేట్‌వే కొంతసేపు గుర్తుంచుకొంటుంది. దానికి కూడా మామూలు గడువు 300 సెకన్లే. ఉద్యోగం మానిన గుమాస్తా ప్రవేశాన్ని ఇప్పుడే రద్దు చేసినాము అనుకొంటాము. దర్వాజా అతనిని మరి అయిదు నిమిషాల దాకా సలాము చేసి లోపలికి పంపుతూనే ఉండవచ్చును.

పరిమాణం సంగతి త్వరగా చెబుతాము. ఈ గేట్‌వేలో నిల్వ అర గిగాబైటు నుంచి 237 గిగాబైట్ల దాకా దొరుకుతుంది. ఒక కళాశాలకు అర గిగాబైటే ఎక్కువ. ఒక్కొక్క జవాబు ఒక మెగాబైటుకు మించితే నకలు తీయదు. దాచినదాన్ని గూఢలిపిలో ఉంచే ఏర్పాటు ఉన్నది; దానిని తెరిచి ఉంచడం మంచిది.

కళాశాల సేవలను బయటి సంస్థ చేత తయారు చేయించే సందర్భం వచ్చినప్పుడు, కమిటీ పెద్దలు సాంకేతిక పరిభాష తెలియకపోయినా కొన్ని ప్రశ్నలు అడగవచ్చును. ఏ ఏ జవాబులు దర్వాజా వద్ద దాస్తున్నారు? ప్రతి ఒక్కదాని గడువు ఎంత, ఆ సంఖ్యను ఎవరు, ఎందుకు ఎంచినారు? ‘లేదు’ అన్న జవాబుకు గడువు ఎంత? పేజీ మీద ‘ఈ సమాచారం ఫలానా సమయం నాటిది’ అని కనబడుతుందా? పాఠ్యాంశాల జాబితా, సెలవుల పట్టిక గంట దాకా దాచవచ్చును. హాలు టికెట్ల ప్రకటన, వాయిదా నోటీసులు పది సెకన్లకు మించి వద్దు. మార్కులు, హాజరు, స్కాలర్‌షిప్ వివరాలు అసలే వద్దు.

అప్పగింతకు ముందు ఒక పరీక్ష కూడా చేయవచ్చును. అందుకు ఇంజనీరు అక్కరలేదు. ఇద్దరు విద్యార్థులను పక్కపక్కన కూర్చోబెట్టి, ఇద్దరి చేతా తమ తమ గుర్తింపుతో ఒకే పేజీని ఒకరి వెంట ఒకరు తెరిపించాలి. రెండవవాని ఫోనులో మొదటివాని పేరు కనబడితే బిల్లు చెల్లించకుండా ఆపాలి. తరువాత ఒకడు ఉర్దూలో, ఒకడు తెలుగులో తెరవాలి. ఆ మీదట లోపల ఒక నోటీసు మార్చి, ఎన్ని సెకన్లకు అది ఫోనులో మారినదో గడియారం పెట్టి చూడాలి. నిల్వ నుంచి ఎన్ని జవాబులు పోయినవి, ఎన్నిటికి లోపలికి పోవలసివచ్చినది అన్న రెండు లెక్కలు గేట్‌వే తనంతట తానే ఉంచుతుంది. వాటిని నెలకొకసారి తెప్పించి చూడాలి. మొదటి సంఖ్య మరీ చిన్నదిగా ఉంటే, డబ్బు దండగగా పోతున్నదన్నమాట.

డబ్బు అంటే గుర్తుకు వచ్చినది. ఈ నిల్వకు అద్దె గంటల లెక్కన పడుతుంది. వాడినా, వాడకపోయినా పడుతుంది. కొత్తవారికి ఇచ్చే ఉచిత వాడకంలో ఇది చేరదు. ఫలితాల వారం గడిచిన తరువాత మూసివేయవచ్చును. మళ్ళీ తెరిచినప్పుడు నిల్వ సిద్ధం కావడానికి దాదాపు 4 నిమిషాలు పడుతుంది. కనుక ఫలితాలు 4 గంటలకు అయితే, దానిని మూడున్నరకే తెరిచి, ఆ ఇద్దరు విద్యార్థుల పరీక్షను మరొకసారి జరిపి చూసుకొనాలి.